ఎంబసీ పేరు చెప్పి రెండు లక్షల ముప్పై వేలు అడుగుతున్నారు, కట్టాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. వయసు 38. ఆరెకరాల్లో రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా పాప నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి, హాస్టల్లో ఉంటుంది. ఈ ఏడాది స్కూలు వాళ్లు జర్మనీ ఎంబసీతో ఒప్పందం కుదిరిందని పెద్ద ఫంక్షన్ చేశారు. వారానికి మూడు క్లాసులు జర్మన్ నేర్పుతున్నారు. ఇప్పుడు మే నెలలో పది రోజుల 'స్టూడెంట్ ఎక్స్ఛేంజ్' అంటున్నారు. జర్మనీలో నాలుగు రోజులు, మిగతావి పారిస్, స్విట్జర్లాండ్. వచ్చాక స్కూలు సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఉంటే ఇంటర్ తర్వాత జర్మనీలో ఉచితంగా ఇంజనీరింగ్ సీటు, వీసా కూడా తేలిక అని చెప్తున్నారు. మొత్తం రెండు లక్షల ముప్పై వేలు. వీసా రాకపోతే డబ్బు వాపసు లేదని కాగితం కింద చిన్నగా రాసుంది. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టాను. అమెరికా సుంకాలప్పుడు రేటు పడిపోయి చేసిన అప్పు ఇంకా తీరలేదు. క్లాసులో పద్నాలుగు మంది పోతున్నారని పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కట్టమంటారా, మానమంటారా?
— ఒక తండ్రి

జవాబు: తమ్ముడూ, వయసు రాశారు కాబట్టి అలా పిలుస్తున్నాను. టూరుకి కట్టొద్దు. జర్మన్ క్లాసు మాత్రం మాన్పించకండి. పాప అలక సంగతి చివర్లో మాట్లాడుకుందాం. అన్నిట్లోకీ కష్టమైనది అదే.

చెరువు మీదికి బయ్యర్ వచ్చి "మంచి రేటు ఇస్తాలే అన్నా" అంటే మీరు వెంటనే వల వేయించరు. కౌంట్ ఎంతో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూస్తారు, ఆ కౌంట్‌కి ఎంతో తేలుస్తారు, తూకం ఎవరి కాటా మీదో, డబ్బు ఎన్ని రోజులకో అడుగుతారు. స్కూలు దగ్గర మాత్రం 'ఎంబసీ' అన్న ఒక్క మాటకే ఇరవై వేలు ఇచ్చి వచ్చారు. తప్పు పట్టడం లేదు. ఫ్లెక్సీ మీద రెండు దేశాల జెండాలు, సూటు వేసుకున్న అతిథి కనపడితే చదువుకున్నవాళ్లకే నోరు పెగలదు.

అలాంటి ఫంక్షన్ ఒకటి నేనే దగ్గరుండి చేయించాను, అందుకే లోపలి సంగతి తెలుసు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేస్తున్న రోజులవి. ఒక యూరప్ దేశం కాన్సులేట్ నుంచి అతిథి వస్తున్నారని యాజమాన్యం కబురు చేసింది. ఎనిమిదో తరగతి పిల్లలు మూడు రోజులు పాఠాలు మానేసి పుల్లలకి కాగితం జెండాలు అంటించారు. తీరా ఆ రోజు చూస్తే రంగులన్నీ తలకిందులు! పైనుండాల్సిన పట్టీ కిందికి వచ్చింది. మాలో ఒక్కరికీ తెలియలేదు. వచ్చినాయన వరసలో మొదటి పాప చేతిలో జెండా తీసుకుని, తిప్పి పట్టుకుని, నవ్వి మళ్లీ ఆ పాపకే ఇచ్చాడు. ఇరవై నిమిషాలు మాట్లాడి, శాలువా కప్పించుకుని, పులిహోర తిని వెళ్లిపోయాడు. వారానికి ఒక ఉత్తరం వచ్చింది: మీ ఆతిథ్యానికి ధన్యవాదాలు, ఈ స్నేహం కొనసాగాలని ఆశిస్తున్నాం అని. అంతే. ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించి అడ్మిషన్ కౌంటర్ వెనక గోడకి తగిలించారు. మరుసటి ఏడాది బ్రోషర్లో అది 'అంతర్జాతీయ భాగస్వామ్యం' అయింది, ఫీజు పెరిగింది. ఆ సర్క్యులర్ మీద సంతకం నాదే. ఇన్నేళ్లయినా ఆ సంతకం గుర్తొస్తే మనసుకి బాగుండదు.

మీ స్కూలూ అలాగే చేసిందని నేను అనను, నాకు తెలియదు కాబట్టి. తెలుసుకోవడం మాత్రం కష్టం కాదు. ప్రిన్సిపాల్‌ని కలిసి ఒప్పందం కాపీ చూపించమనండి. ఫొటో కాదు, కాపీ. సంతకం ఎవరిదో చూడండి. ఎంబసీ అధికారిదా, భాష నేర్పే సంస్థదా, లేక హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ట్రావెల్ కంపెనీదా? నాలుగు రోజులు జర్మనీ, ఆరు రోజులు పారిస్, స్విట్జర్లాండ్ అన్నారంటే నాకు మూడోదే అనిపిస్తోంది. ఎక్స్ఛేంజ్ అంటే మన పిల్లలు అక్కడ ఒక స్కూల్లో కూర్చోవాలి, వాళ్ల పిల్లలు ఇక్కడికి రావాలి. అక్కడి ఏ స్కూలుకి వెళ్తున్నారో పేరు అడగండి. పేరు లేదంటే అది విహారయాత్రే. విహారయాత్ర పాపం కాదు, దాన్ని ఆ పేరుతో అమ్మితే సరిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. చెన్నైలో జర్మనీ కాన్సులేట్ జనరల్ ఉంది. భారత్‌లోని జర్మనీ కార్యాలయాల అధికారిక వెబ్‌సైటు ఇండియా డాట్ డిప్లో డాట్ డీఈ. ఈమెయిల్ అక్కడి నుంచే తీసుకోండి, స్కూలు ఇచ్చిన కాగితం మీద నుంచి కాదు. "ఫలానా స్కూలు మీతో ఒప్పందం ఉందని చెబుతోంది, మే నెల యాత్రకి మీకు సంబంధం ఉందా?" అని నాలుగు వాక్యాలు చాలు. పాపచేతే రాయించండి.

రాయబార కార్యాలయాలు నిజంగానే స్కూళ్లకి చాలా చేస్తాయి. వక్తల్ని పంపుతాయి, పుస్తకాలు ఇస్తాయి, పోటీలు పెడతాయి, స్కాలర్‌షిప్పుల కబుర్లు చెప్తాయి. జర్మనీ సంగతే తీసుకుంటే వాళ్ల విదేశాంగ శాఖ 2008లో 'పాష్' అని ఒక పథకం మొదలుపెట్టింది. ప్రపంచం మొత్తం మీద సుమారు 2,000 స్కూళ్లు అందులో ఉన్నాయి. వాటిలో జర్మన్ బలంగా నేర్పుతారు, టీచర్లకి శిక్షణ ఇస్తారు, బాగా చదివే కొందరు పిల్లల్ని స్కాలర్‌షిప్ మీద జర్మనీలో యువత కోర్సులకి పంపుతారు. పథకంలో ఉన్న స్కూళ్ల పేర్లు వాళ్ల వెబ్‌సైట్లోనే పెట్టారు. మీ స్కూలు పేరు అందులో ఉంటే నా అనుమానాల్లో సగం వెనక్కి తీసుకుంటాను. అప్పుడు కూడా స్కాలర్‌షిప్ మీద పంపేవాళ్లు రెండు లక్షల ముప్పై వేలు ఎందుకు అడుగుతారన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది.

సీటు, వీసా మాటల దగ్గరికి వద్దాం. మిమ్మల్ని ఎక్కువ ఊరించింది ఆ రెండే.

'ఉచిత సీటు' సగం నిజం. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు. రెండో సగం ఎవరూ చెప్పరు. మన ఇంటర్ మార్కుల మెమో ఒక్కటీ పట్టుకుని వెళ్తే సాధారణంగా అక్కడ డిగ్రీలో నేరుగా చేర్చుకోరు. ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదివి ఉండాలి, లేదా జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించాలి, లేదా అక్కడికెళ్లి 'స్టూడియన్‌కొలెగ్' అని ఏడాది పాటు పునాది కోర్సు చేసి పరీక్ష పాసవ్వాలి. ఆ కోర్సులో చేరడానికే జర్మన్ బాగా రావాలి. చదువుకి వీసా అడిగేముందు మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే ఏపీఎస్ పత్రం కావాలి, 2022 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. దానికి 18,000 రూపాయలు. అక్కడ ఏడాది బతకడానికి డబ్బుందని చూపించే ఖాతాలో 11,904 యూరోలు వేయాలి. మన డబ్బుల్లో పది లక్షలు దాటుతుంది. ఫీజు లేని చదువుకి చేతిలో ఉండాల్సింది ఇంత. పది రోజులు తిరిగొచ్చి స్కూలు ఇచ్చే సర్టిఫికెట్‌కి ఈ వరసలో ఎక్కడా చోటు లేదు. దాన్ని ఏ విశ్వవిద్యాలయమూ అడగదు.

వీసా సంగతి ఇంకా సూటిగా చెప్తాను. వీసా ఎవరి దరఖాస్తు మీద వాళ్లకి వస్తుంది. స్కూలు ఎంత పెద్దదైనా, ఒప్పందం ఎవరితో ఉన్నా ముందుగా హామీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. 'వీసా తేలిక' అన్నవాళ్లే 'రాకపోతే వాపసు లేదు' అని కింద రాసుకున్నారంటే సంగతి వాళ్లకీ తెలిసినట్టే! ఇంకో మాట. యూరప్ దేశాలు చాలావాటికి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు. నిజంగా చదువు పనిమీద వెళ్లే స్కూలు పిల్లలకి, వెంట వెళ్లే టీచర్లకి ఆ ఫీజు మినహాయింపు వాళ్ల నిబంధనల్లోనే ఉంది. మీ కాగితంలో వీసా ఖర్చు కింద ఎంత వేశారో ఒకసారి చూడండి.

మన నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి, విదేశం వెళ్లాలన్న కోరికతో పట్టుకునే విదేశీ రొట్టె కోసం ఎంతమంది స్వర్ణాల చెరువులో దిగుతారో మీకు చెప్పక్కర్లేదు. అక్కడైనా ముందు రొట్టె పట్టుకుంటారు, కోరిక తీరాక మరుసటి ఏడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. మీ స్కూలు వాళ్లు ముందే రెండు లక్షల ముప్పై వేలు కట్టమంటున్నారు.

మరి జర్మన్ క్లాసు ఎందుకు మాన్పించొద్దన్నానంటే, ఈ మొత్తం వ్యవహారంలో పాప చేతికి వచ్చేది అదొక్కటే. ఒప్పందాలు ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. కేంద్రీయ విద్యాలయాల్లో ఏం జరిగిందో చూడండి. 2011లో వాళ్లు జర్మన్ భాష నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం చేసుకుని జర్మన్‌ని మూడో భాషగా పెట్టారు. 2014 సెప్టెంబరులో దాని గడువు తీరింది. నవంబరులో, అంటే పుస్తకాలు సగం అయ్యాక, జర్మన్ తీసేసి సంస్కృతం చదవమన్నారు. తల్లిదండ్రులు కోర్టుదాకా వెళ్లారు. చివరికి 2015 అక్టోబరులో రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని, అదనపు విదేశీ భాషగా నేర్పొచ్చని తేల్చాయి. ఢిల్లీ స్థాయి ఒప్పందానికే దిక్కులేనప్పుడు మన ఊరి స్కూలు గోడ మీద ఫ్రేము ఎన్నాళ్లుంటుందో ఎవరు చెప్పగలరు? అప్పటికి పిల్లలు నేర్చుకున్న నాలుగు ముక్కలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

కాబట్టి ఆ క్లాసు నడుస్తున్న తీరు గట్టిగా చూడండి. జర్మన్‌ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా లెక్కేస్తారు. టీచరు ఏ మెట్టు దాకా పాసయ్యారు, ఈ ఏడాది చివరికి పిల్లల్ని ఏ మెట్టుకి చేరుస్తారు అని అడగండి. "కల్చర్ నేర్పుతున్నామండీ" అంటే వారానికి మూడు క్లాసులు పాటలకీ నమస్కారాలకీ పోతున్నాయని అర్థం. 10 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం గోథె వాళ్లే 'ఫిట్ ఇన్ డాయిష్' అని ఏ1 పరీక్ష పెడతారు. పాప అది పాసైతే ఆ కాగితం గోథెది. మీ స్కూలు మూతపడినా దాని విలువ పోదు. ఇంటర్ అయ్యేలోపు బీ1, అంటే మూడో మెట్టు, దాటగలిగితే అప్పుడు జర్మనీ గురించి మనం నిజంగా మాట్లాడుకోవచ్చు. అప్పటికి పాపకి ఇంజనీరింగ్ మీద మనసు పోయి ఇంకేదో కావాలన్నా ఆ భాష వృథా కాదు. నర్సింగ్ చదివినవాళ్లని కూడా జర్మనీ పిలుస్తోంది, వాళ్లకీ మొదట అడిగేది భాషే.

విదేశం చూడాలన్న పాప కోరికని కొట్టేయకండి. డబ్బు కట్టకుండా పోయే దారులున్నాయి, వాటికి పోటీ ఎక్కువ కాబట్టి స్కూళ్లు వాటి ఊసెత్తవు. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ స్కూళ్ల పిల్లలు పది మంది న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లొచ్చారు, పేపర్లో చూసే ఉంటారు. కామన్‌వెల్త్ వ్యాసరచన పోటీ 1883 నుంచి నడుస్తోంది, రాసి పంపడానికి పైసా అక్కర్లేదు. పాప ఇంగ్లీషు బాగుంటే రాయమనండి.

అన్నిటికంటే నాకు నచ్చేది ఇన్‌స్పైర్ మానక్. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖది. పిల్లలు సొంతంగా ఆలోచించిన పరికరమో పద్ధతో రాస్తే స్కూలు ఆన్‌లైన్‌లో పంపాలి. ఒక్కో స్కూలు నుంచి ఏటా ఐదు ఆలోచనలు పంపొచ్చు, ప్రైవేటు స్కూళ్లకీ అవకాశం ఉంది. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి పదివేలు పిల్లల ఖాతాలోనే పడతాయి. జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాటినవాళ్లలో కొందరిని జపాన్ ప్రభుత్వ సంస్థ 'సకురా సైన్స్' పథకం కింద తన ఖర్చుతో జపాన్ తీసుకెళ్తుంది. దేశమంతటి నుంచీ వెళ్లేది గుప్పెడు మందే, కాబట్టి మీ పాప వెళ్తుందని నేను చెప్పడం లేదు. కానీ ఆలోచన కోసం మీ పాప ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో నెల్లూరు టౌనులో పిల్లలకి తెలియదు, తనకి తెలుసు. నిద్రలో ఆ చప్పుడు ఆగిపోవడమే మీకు అలారం. లేచి, టార్చి పట్టుకుని, గట్టు మీద పరిగెత్తి జనరేటర్ వేసేలోపు రొయ్యలు పైకి తేలుతుంటాయి. కాపలా కుర్రాడు ఒళ్లెరక్కుండా పడుకుంటే ఆ పంట అంతే. ఏరియేటర్ ఆగిన నిమిషంలో నాన్న ఫోనుకి కబురొచ్చే చిన్న పెట్టె గురించి ఆలోచించమనండి. అలాంటివి బజారులో ఉండొచ్చు. మీ చెరువుకి సరిపడేలా, చవకలో, ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా ఎలా చేయాలన్నది తన ప్రశ్న. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక రాత్రి గట్టు మీదికి తీసుకెళ్లండి. వాళ్ల సైన్స్ టీచర్‌కి ఇన్‌స్పైర్ గురించి చెప్పి, స్కూలు ఈసారి ఎన్ని ఆలోచనలు పంపుతోందో కనుక్కోండి. ఎంబసీ ఫంక్షన్‌కి ఫ్లెక్సీలు కట్టించిన స్కూలు దీనికి ఒక్కటీ పంపలేదంటే నేనేం ఆశ్చర్యపోను.

ఇక అలక. పద్నాలుగు మంది వెళ్తుంటే తనొక్కతే ఉండిపోవడం ఆ వయసులో చిన్న విషయం కాదు, హాస్టల్ పిల్లకి మరీనూ. రాత్రి అందరూ సూట్‌కేసుల గురించి మాట్లాడుకుంటుంటే అదే గదిలో పడుకోవాలి కదా. "మన స్తోమత ఇంతేనమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, రేపటి నుంచి ఏదీ అడగడం మానేస్తుంది. అప్పు ఎంతుందో, పోయిన పంటకి కౌంట్ రేటు ఎంత పడిందో కాగితం మీద వేసి చూపించండి. రైతు పిల్ల, అర్థం చేసుకుంటుంది. టూరు బ్రోషర్ కూడా పక్కన పెట్టి, జర్మనీ ఎన్ని రోజులో తననే లెక్కపెట్టమనండి. స్కూలు వాళ్ల మీద మాత్రం పాప ముందు విరుచుకుపడకండి. ఇంకో ఏడాదిన్నర అక్కడే చదవాలి.

అడ్వాన్స్ వాపసు నోటిమాటగా అడగొద్దు. చేత్తో అర్జీ రాసి, ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. మొత్తం ఇస్తే మంచిదే. లేదంటే జర్మన్ పరీక్ష ఫీజుకో వచ్చే ఏడాది స్కూలు ఫీజుకో జమ చేయమనండి, చాలా చోట్ల దీనికి ఒప్పుకుంటారు. పాప ఆధార్, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు జిరాక్సులు ఇచ్చి ఉంటే అవీ వెనక్కి తీసుకోండి.

పాస్‌పోర్టు మాత్రం తీసి పెట్టండి. మైనర్లకి ఫీజు 1,000 రూపాయలు, నెల్లూరులోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రం ఉంది. దానికంటే ముందు పాప పేరు చూసుకోండి. మనవాళ్లతో వచ్చే చిక్కంతా ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, స్కూలు రికార్డులో ఒక్క అక్షరం ఉంటుంది, పుట్టిన సర్టిఫికెట్లో అసలు పేరే ఉండదు. మూడూ ఒకేలా ఉండాలి. తొమ్మిదో తరగతి దాటి పదో తరగతి వివరాలు బోర్డుకి వెళ్లాయంటే తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా ఏళ్లు తిరగాలి. కాబట్టి ఈ వారమే అర్జీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆఫీసు క్లర్కు దగ్గర రికార్డులో స్పెల్లింగ్ కూడా చూసి రండి.

జర్మన్ పరీక్షకి స్కూలు పంపకపోతే మీరే తీసుకెళ్లండి. చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్ నుంగంబాక్కంలో ఉంది, తేదీలు వాళ్ల వెబ్‌సైట్లో ముందే పెడతారు. ముందు రోజు నెల్లూరులో పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో దిగుతారు.